కోడి కాళ్ళు పడిపోతే ముందు మేత చూడాలని చెప్పిన కథ

ఈసారి కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న ముసురుకి మా పెట్టల్ని దగ్గర దగ్గర నెల రోజులు బయటికి వదల్లేదు. గంప కిందే ఉంచాం. మిగిలిన అన్నం, మిల్లు నూకలు, అదే మేత. నాలుగో వారంలో ఒక పెట్ట తూలుతూ నడిచింది. చీకటి పడితే దూలం మీదికి ఎగరలేక కిందే చతికిలబడింది. కొక్కెర తెగులే, మిగతావాటికి అంటకముందే కోసేద్దాం అన్నాడు మావాడు. పశువుల డాక్టరు గారు వచ్చి రెట్ట చూసి, "ఏం మేపుతున్నావయ్యా?" అని అడిగారు. నాకు విచిత్రం అనిపించింది. ఆ ప్రశ్న వెనక ఎంత చరిత్ర ఉందో తర్వాత చదువుకుంటే తెలిసింది.

1886లో డచ్చివాళ్ళు జావాకి డాక్టర్లని పంపారు. అక్కడ సిపాయిలు, ఖైదీలు బెరిబెరి అనే జబ్బుతో చచ్చిపోతున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కి, పడిపోయి, చివరికి గుండె ఆగిపోయేది. ఆ వచ్చినవాళ్ళలో క్రిస్టియాన్ ఐక్మన్ ఒకడు. ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బే అని అందరి నమ్మకం. బటావియా, అంటే ఇప్పటి జకార్తా, అక్కడి మిలటరీ ఆసుపత్రి పక్కన లాబరేటరీలో ఆయన కోళ్ళని పెంచి, రోగుల నుంచి తీసినది వాటికి ఎక్కించి చూశాడు. కోళ్ళు తూలాయి, పడిపోయాయి. క్రిమి దొరికిందనుకున్నాడు. తీరా చూస్తే ఏమీ ఎక్కించని కోళ్ళూ అలాగే పడిపోయాయి. వేరే చోట పెట్టినా అంతే.

కొన్నాళ్ళకి నవంబరు చివర్లో జబ్బు దానంతటదే మాయమైంది. మందు లేదు, మాకు లేదు. పడిపోయినవి కూడా లేచాయి. ఐక్మన్ ఆరా తీశాడు. ఖర్చు కలిసొస్తుందని కోళ్ళు చూసే మనిషి జూన్ నుంచి ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తెచ్చి వేస్తున్నాడట. నవంబరులో వంటవాడు మారాడు. ఆ కొత్తాయన మిలటరీ బియ్యం మిలటరీకి చెందని కోళ్ళకి ఇవ్వడం కుదరదన్నాడు. దాంతో మళ్ళీ మామూలు ముడి బియ్యం వేశారు, కోళ్ళు బాగుపడ్డాయి. ఒక పిసినారితనం జబ్బు తెచ్చింది, ఒక మొండితనం దాన్ని పోగొట్టింది.

తర్వాత ఐక్మన్ కావాలనే పాలిష్ బియ్యం మేపి చూశాడు. మూడు నాలుగు వారాల్లో కాళ్ళు పోయేవి. తవుడు పొర ఉన్న బియ్యం వేస్తే తేరుకునేవి. 1897లో ఫోర్డర్‌మన్ అనే అధికారి జావా జైళ్ళ లెక్క బయటపెట్టాడు. మొత్తం 101 జైళ్ళు. ముడి బియ్యం పెట్టే 37 జైళ్ళలో ఒక్కదాంట్లోనే బెరిబెరి. తెల్ల బియ్యం పెట్టే 51లో 36 జైళ్ళలో ఉంది.

అయితే ఐక్మన్ కూడా ఒకటి తప్పుగా అనుకున్నాడు. బియ్యంలో ఏదో విషముంది, తవుడు దానికి విరుగుడు అనుకున్నాడు. విషం కాదు, తవుడులో ఉండే అవసరమైన పదార్థం లేకపోవడమే జబ్బు అని 1901లో చెప్పినవాడు గ్రైన్స్. అలాంటి పదార్థాలకి 1912లో ఫంక్ విటమిన్ అనే పేరు పెట్టాడు. 1926లో జావాలోనే యాన్సెన్, డోనాత్ తవుడు నుంచి దాన్ని పలుకులుగా తీశారు. అదే బి1. ఐక్మన్‌కి 1929లో నోబెల్ వచ్చింది, కోళ్ళకి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు లెండి.

ఇది ఎక్కడో జావా గొడవ అనుకోకండి. ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తాయే, బెరిబెరికి పేరుమోసిన చోటు. 1835లోనే మాల్కమ్‌సన్ అనే మద్రాసు ప్రభుత్వ డాక్టరు ఈ జబ్బు మీద పుస్తకం అచ్చేశాడు. మిల్లులు వచ్చాక కూడా మన వైపు ఇది వదల్లేదు. తమిళ దేశంలో ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 కొంత గింజలోకి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. మనవాళ్ళకి పచ్చి బియ్యం, అదీ తెల్లగా ఉండాలి, పైగా గంజి వార్చేస్తాం. రోట్లో దంపిన రోజుల్లో కాస్తో కూస్తో తవుడు గింజని పట్టుకునే ఉండేది. మా నాయనమ్మ చెరిగిన తవుడు కోళ్ళకీ గేదెకీ పోసేది. ఆవిడకి బి1 అంటే తెలీదు.

అలాగని కాలు పడిన ప్రతి కోడికీ తవుడే మందనుకోకండి, ప్రాణాలు పోతాయి. కొక్కెర తెగులు, డాక్టర్లు రాణిఖేత్ అంటారు, దాంట్లోనూ కాళ్ళు పోతాయి, మెడ తిరిగిపోతుంది. కానీ అది మంట అంటుకున్నట్టు వస్తుంది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తాయి, రెట్ట పచ్చగా నీళ్ళగా పడుతుంది, రెండు మూడు రోజుల్లో సగం గూడు ఖాళీ. వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడుకుంటే మారెక్ జబ్బు అనుమానించాలి. 1907లో హంగరీ పశువైద్యుడు మారెక్ దీన్ని ముందుగా నాలుగు పుంజుల్లో చూశాడు. మేత లోపమైతే మెల్లగా వస్తుంది. మేత తినడం తగ్గుతుంది, తూలుతుంది, దూలం ఎక్కలేదు, తర్వాతే పడుతుంది. అందుకే పొద్దున గంప ఎత్తగానే ఏది వెనకబడింది, రెట్ట ఎలా ఉంది, జుట్టు రంగు మారిందా అని ఒక్క నిమిషం చూడండి. నేను చూడలేదు, తూలేదాకా ఆగాను.

మా పెట్టకి డాక్టరు గారు బి విటమిన్ సూది వేసి, తాగే నీళ్ళలో కలపమని మందిచ్చారు. నూకల్లో తాజా తవుడు, కాసిని సజ్జలు, రాగులు కలిపాం. తవుడు ఎప్పటికప్పుడు కొద్దిగానే తెచ్చుకోండి, నిలవుంటే ముక్కి వాసన వస్తుంది. బూజు పట్టిన చెక్క అసలు వద్దు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చాయి, అఫ్లాటాక్సిన్ అనే విషం అప్పుడే బయటపడింది.

నాలుగో రోజుకి పెట్ట లేచి నిలబడింది. వారం దాటాక చెదల పుట్ట కాళ్ళతో కెలుకుతుంటే చూశాను. దూలం మాత్రం ఇంకా ఎక్కడం లేదు, పక్కన ఒక గంప బోర్లించాను, దాని మీద నుంచి ఎక్కుతోంది.