తలెత్తి వార్తలు చెప్పిన మనిషి

2024 ఏప్రిల్ 5, శుక్రవారం. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన రెండు రోజులకే శాంతిస్వరూప్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. తెలుగువాళ్లకు బుల్లితెర మీద తొలిసారి వార్తలు చదివి వినిపించిన గొంతు ఆగిపోయింది.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆయన 1978లోనే అక్కడ చేరారు. కానీ తెలుగు వార్తలు రావడానికి 1983 నవంబరు 14 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సాయంత్రం మొదటి బులెటిన్ చదివింది ఆయనే.

టెలిప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితాలు, ఎదురుగా కెమెరా. కాగితంలోకి తలవంచితే చూసేవాళ్లకు ముఖం కనపడదు. తలెత్తితే వాక్యం చేజారుతుంది. అందుకే వార్తలను కంఠస్థం చేసుకుని, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. పదేళ్లపాటు అదే పద్ధతి. ఎంత సాధన ఉంటే అది సాధ్యమో తలచుకుంటే ఇవాళ్టికీ ఆశ్చర్యమే.

టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు చేరే రోజులవి. ఎన్నికలైనా, తుపానైనా ఆ గొంతు పెరిగేది కాదు. దుర్వార్త ఉంటే ఉన్నంత చెప్పి ఊరుకునేవారు. ఏడుపు మనకు వదిలేసేవారు. అలాగని ఆయన మనసు రాయేమీ కాదు. భోపాల్ గ్యాస్ ఘోరం మీద ‘రాతి మేఘం’, సతీసహగమనం మీద ‘అర్ధాగ్ని’ నవలలు రాశారు. స్టూడియోలో బిగబట్టిన దుఃఖమంతా అక్కడ రాసుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

1995లో ప్రైవేటు ఛానళ్లు వచ్చాయి. తర్వాత రోజంతా వార్తలే వచ్చాయి. కేకలు, చర్చలు, తెర నిండా పెద్దపెద్ద అక్షరాలు. దూరదర్శన్ ముందు కూర్చున్న జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. మనమూ వెళ్లాం. ఒకనాడు ఊరంతా ఎదురుచూసిన బులెటిన్‌ను అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆ పతనంలో ఆయన తప్పేమీ లేదు. దాన్ని కళ్లారా చూస్తూనే 2011లో పదవీ విరమణ చేసేదాకా తన పని తాను చేశారు. దూరదర్శన్‌లోనే వార్తలు చదివిన భార్య రోజారాణి గారు ఆయనకంటే ముందే వెళ్లిపోయారు.

గొంతు పెంచకుండా నమ్మకం సంపాదించిన మనిషాయన. అలాంటివాళ్లు తెలుగు తెర మీద మళ్లీ ఎక్కువమంది రాలేదు. ఆయన చదివిన పాత బులెటిన్లలో మిగిలినవాటిని దూరదర్శన్ వెతికి జనం ముందు పెట్టాలి. వార్తలు చదవాలనుకునే పిల్లలు ముందు వాటిని చూడాలి.