ఇంటి కరెంటుకు కావలివాడు

తిరుపతి, కాట్పాడి, ధర్మవరము దారులు కలిసికొను రైలు కూడలి పాకాల. ఆ ఊరిలో ఒక యింట కార్తీక మాసపు ముసురు దినమున ఇడ్లీపిండి రుబ్బుటకు గ్రైండరు మీట నొక్కిరనుకొందము. టక్కుమని ఒక శబ్దము వినవచ్చును. ఇల్లంతయు చీకటి యగును. మీటరు ప్రక్కనున్న పెట్టెలో ఒక మీట క్రిందికి పడియుండును. దానిని పైకెత్తినచో దీపములు వెలుగును. గ్రైండరు ఆడించినచో మరల పడిపోవును. మూడవసారికి ఇంటివారికి విసుగు పుట్టును. "ఈ మీటయే చెడిపోయినది. దీనిని తీసివేసి తీగలు నేరుగా కలిపితే సరి" యని ఎవరో ఒకరు సలహా చెప్పుదురు.

ఆ సలహా ప్రాణము తీయగలది. అది ఎట్లో తెలియవలెనన్నచో ఆ మీట ఎక్కడ పుట్టినదో, ఎవరిని కాపాడుటకు పుట్టినదో తెలిసికొనవలెను.

విద్యుత్తునకు కావలి పెట్టవలెనను ఆలోచన ఇంటి దీపముల కంటె ముందే కలిగినది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ బ్రెగే 1847లో తంతి కార్యాలయములను పిడుగుపాటునుండి కాపాడుటకు ఒక ఉపాయము చెప్పెను. తంతి తీగకు, యంత్రమునకు నడుమ మిక్కిలి సన్నని తీగ ముక్క నొకటి చేర్చవలెను. పిడుగు వలన అధిక విద్యుత్తు వచ్చినపుడు ఆ సన్నని తీగ కరగి తెగిపోవును, యంత్రము దక్కును. ఇంటింటికి విద్యుద్దీపములు చేర్చబూనిన థామస్ ఎడిసన్ ఇదే సూత్రమును దీపముల తీగలకు అన్వయించి 1880లో అమెరికాలో పేటెంటు పొందెను. ఇదియే ఫ్యూజు. తీగలో పుట్టు ఉష్ణము విద్యుత్ ప్రవాహపు వర్గమునకు అనులోమముగా నుండునని ఉన్నత పాఠశాలలో చదువుకొందురు. ప్రవాహము రెండింతలైనచో వేడిమి నాలుగింతలగును. అందుచే సన్నని తీగ ముందుగా కరగును, గోడలోని తీగలు చల్లగా నుండును.

అయితే ఫ్యూజు ఒకసారి తెగిన తరువాత క్రొత్త తీగ చుట్టవలెను. చీకటిలో ఆ పని చేయలేక పలువురు లావుపాటి రాగితీగ చుట్టుచుండిరి. అప్పుడు ఫ్యూజు పేరునకు మాత్రమే ఫ్యూజు. జర్మనీలోని మన్‌హైము నగరమున హ్యూగో స్టోట్జ్ సంస్థ 1924లో దీనికొక పరిష్కారము చూపినది. ప్రవాహము కొంచెమెక్కువై చాలసేపు సాగినచో రెండు లోహముల పట్టీ వేడెక్కి వంగి మీటను పడవేయును. ఒక్కసారిగా మిక్కుటమైనచో విద్యుదయస్కాంతము తక్షణమే పడవేయును. లోపము సవరించి మీట నెత్తినచో మరల పనిచేయును. నేడు ఇండ్లలో ఎమ్.సి.బి. యని పిలువబడు చిన్న మీట ఆ వంశమునకు చెందినదే.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. ఫ్యూజుగాని ఎమ్.సి.బి.గాని కాపాడునది తీగను, ఇంటిని. గ్రైండరును ముట్టుకొను మనిషి వాటి లెక్కలో లేడు.

తీగలు మాత్రమే ఉన్న కాలములో ఆ లోటు అంతగా కనబడలేదు. దక్షిణ దేశమున విద్యుత్తు మొదట దీపముగా వచ్చినది. నాటి చిత్తూరు జిల్లా మదరాసు రాజధానిలోని భాగము. ఆ రాజధానిలో 1927లో ప్రభుత్వ విద్యుచ్ఛాఖ ఏర్పడినది. 1930-40 నడుమ పైకారా, మెట్టూరు జలవిద్యుత్కేంద్రములు పని ప్రారంభించినవి. 1953లో చిత్తూరు జిల్లా ఆంధ్ర రాష్ట్రములో చేరినది. 1959లో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడినది. 2000లో తిరుపతి కేంద్రముగా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వెలసినది. ఈ కాలమంతటిలో ఇంటిలోని సామగ్రియు మారినది. పైకప్పునకు వ్రేలాడు దీపమును ఎవరును తడిచేతితో పట్టుకొనరు. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు హీటరు, మిక్సీ, గ్రైండరు అట్లు కావు. అవి లోహముతో చేసినవి, చేతితో పట్టుకొనునవి. పైగా వాటిలో కొన్ని నీటితోనే పనిచేయునవి.

లోహపు వస్తువునకు మూడవ తీగ, అనగా ఎర్త్ తీగ, కలుపుట దీనికి మొదటి విరుగుడు. లోపలి తీగపైని తొడుగు చిరిగి లోహపు కవచమునకు విద్యుత్తు సోకినచో అది ఎర్త్ తీగగుండా భూమిలోనికి పోవును. ప్రవాహము అధికమగుటచే ఫ్యూజు తెగును. చెప్పుటకు ఇది చక్కగానే యున్నది. కాని భూమి తడిగా నున్నపుడే ఈ లెక్క సరిపోవును. రాయలసీమ ఎండలకు బీటలు వారిన నేలలో పాతిన ఎర్త్ కడ్డీ సంగతి యేమి?

ఒక లెక్క చేసి చూడవచ్చును. ఎండిన నేలలో ఎర్త్ నిరోధము 100 ఓములున్నదనుకొందము. గ్రైండరు కవచమునకు 230 వోల్టుల తీగ తగిలినది. ఓము సూత్రము ప్రకారము భూమిలోనికి పోవు ప్రవాహము 230ని 100చే భాగింపగా 2.3 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు దీనిని నిశ్చింతగా మోయును, ఎన్నటికిని తెగదు. సుమారు 530 వాట్ల శక్తి నేలపాలగుచుండును. అంతకంటె ఘోరమేమనగా కవచముపై ఇంచుమించు 230 వోల్టులును నిలిచియుండును. తడిచేతితో దానిని ముట్టినవాని దేహనిరోధము 1500 ఓములైనచో వాని దేహముగుండా 150 మిల్లీఆంపియర్లకు పైగా ప్రవహించును. ఇంత జరిగినను ఫ్యూజు చెక్కుచెదరదు. ఎర్త్ గోతిలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోయుడని విద్యుత్ పనివారు చెప్పుట ఇందుకే.

మరి ఎంత ప్రవాహము మనిషికి అపాయము? అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ డాల్జియల్ స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన వారిపై జాగ్రత్తతో ప్రయోగములు జరిపి ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను. చేతిలోని తీగను తన యిష్టముతో వదలగలిగిన అత్యధిక ప్రవాహము పురుషులలో సగటున 16 మిల్లీఆంపియర్లు, స్త్రీలలో 10.5 మిల్లీఆంపియర్లు అని ఆయన తేల్చెను. అది మించినచో కండరములు బిగుసుకొని చేయి వదలదు. ఇంకను హెచ్చినచో గుండె లయ తప్పును. ఆంపియరులో వందవ వంతు చాలు మనిషిని పట్టివేయుటకు. ఫ్యూజు తెగుటకో ఆంపియర్లు కావలెను. ఈ రెంటి నడుమ నున్న అగాధమును పూడ్చుటకే క్రొత్త కావలివాడు కావలసివచ్చెను.

యూరపులో మొదట వాడిన ఎర్త్ లీకేజి సాధనములు ఎర్త్ తీగపై పుట్టు వోల్టేజిని కనిపెట్టి పనిచేసెడివి. ఇ.ఎల్.సి.బి. అను పేరు వాటితోనే వచ్చినది. విద్యుత్తు ఎర్త్ తీగను తప్పించుకొని వేరు దారిన, అనగా మనిషి దేహముగుండా, నేలకు దిగినచో వాటికి తెలియదు. ఎర్త్ తీగ తెగియున్నను తెలియదు.

దీనికంటె మేలైన సూత్రము ఒక రైతునకు సులభముగా బోధపడును. చెరువు తూము వద్ద విడిచిన నీరెంత, కాలువ చివర చేరిన నీరెంత అని కొలిచి చూచినచో రెండును సమానముగా నుండవలెను. తగ్గినచో నడుమ ఎక్కడనో గండి పడినదన్నమాట. గండి ఎక్కడనో చూడకయే గండి ఉన్నదని చెప్పవచ్చును. విద్యుత్తు ఫేజు తీగగుండా ఇంటిలోనికి వచ్చి న్యూట్రల్ తీగగుండా తిరిగి పోవును. ఈ రెండు తీగలను ఒకే ఇనుప వలయము నడుమగా పోనిచ్చిరి. పోవునది, వచ్చునది సమానమైనచో వాటి అయస్కాంత ప్రభావములు ఒకదాని నొకటి రద్దుచేసికొనును. కొంత ప్రవాహము నేలకు దిగినచో తేడా ఏర్పడును. ఆ తేడా వలన వలయముపై చుట్టిన మూడవ తీగలో విద్యుత్తు పుట్టి మీటను పడవేయును. ఎర్త్ తీగ ఉన్నను లేకున్నను ఈ లెక్క తప్పదు.

ఈ సూత్రమును మనిషి ప్రాణము కాపాడునంత సున్నితముగా చేయుట 1950ల నాటి పని. దక్షిణాఫ్రికాలో హెన్రీ రూబిన్ బంగారు గనుల కొరకు 1955లో ఇట్టి సాధనమును రూపొందించెను. స్టిల్‌ఫాంటెయిన్ అను గని గ్రామములో చెడిపోయిన గృహోపకరణము తగిలి ఒక స్త్రీ మరణించినది. ఆ పిమ్మట 1957-58లో అక్కడి గని కార్మికుల ఇండ్లలో 20 మిల్లీఆంపియర్లకే పడిపోవు సాధనములు కొన్ని వందలు అమర్చిరి. ఆ కాలములోనే ఆస్ట్రియాలో గాట్‌ఫ్రీడ్ బీగెల్‌మయర్ ఈ విషయమున కృషి చేసెను. డాల్జియల్ 1961లో ట్రాన్సిస్టరులతో పనిచేయు సాధనమును నిర్మించెను. అమెరికా విద్యుత్ నియమావళి 1968లో ఈతకొలనుల దీపములకు దీనిని విధించినది.

భారతదేశములో 1910 నాటి విద్యుత్ చట్టము క్రింద 1956లో వెలువడిన నిబంధనలు ఎర్త్ చేయు పద్ధతులను నిర్దేశించినవి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జారీచేసిన భద్రతా నిబంధనలలో ఎర్త్ లీకేజి సాధనమును గూర్చి ప్రత్యేక నిబంధన చేరినది. నేడు ఇండ్లలో అమర్చు ఆర్.సి.సి.బి. సామాన్యముగా 30 మిల్లీఆంపియర్లది. తేడా దానికి అయిదింతలు, అనగా 150 మిల్లీఆంపియర్లు, ఐనపుడు 40 మిల్లీసెకండ్లలో మీట పడవలెను. గుండె ఒకసారి కొట్టుకొనుటకు సుమారు 800 మిల్లీసెకండ్లు పట్టును. ముందు చేసిన లెక్కలోని మనిషి ఈ మీట ఉన్నచో ఒక జంకుతో బ్రతికి బయటపడును. వాస్తవమునకు అంతదూరము కూడ రాదు. ఎర్త్ తీగ సరిగా నున్నచో, ఎవరును ముట్టక పూర్వమే ఆ 2.3 ఆంపియర్లకు మీట పడియుండును.

ఇపుడు పాకాల యింటి గ్రైండరు వద్దకు తిరిగి పోవచ్చును. మొదట పడిన మీట ఏదో చూడవలెను. ఎమ్.సి.బి. పడినచో ప్రవాహము మించినది. మోటారు బిగుసుకొనుటయో, రెండు తీగలు కలియుటయో కారణము. పరీక్షించు బొత్తాము గల ఆర్.సి.సి.బి. పడినచో విద్యుత్తు నేలకు దిగుచున్నది. తరువాత ప్లగ్గులన్నియు ఊడదీసి మీట నెత్తవలెను. అప్పటికిని పడినచో లోపము గోడలోని తీగలలో నున్నది. నిలిచినచో ఒక్కొక్క వస్తువును చేర్చి చూడవలెను. ఏది చేర్చినపుడు మీట పడునో అందు దోషమున్నది.

ఎప్పుడు పడినదనుటయు ఒక ఆధారమే. స్విచ్చి వేయకయే, ప్లగ్గు పెట్టినంతనే పడినచో ఆ వస్తువులో న్యూట్రల్ తీగ కవచమునకు తగిలియుండవచ్చును. స్విచ్చి వేయగనే పడినచో ఫేజు వైపు దోషము. కొంతసేపు ఆడి పడినచో వేడిమి వలన బయటపడు లోపము. ముసురు దినములలో గ్రైండరు మోటారులోనికి పిండినీరు, చెమ్మ చేరి తీగచుట్టల నిరోధమును తగ్గించును. నీళ్ల హీటరు కడ్డీలోపల నుండు మెగ్నీషియం ఆక్సైడు పొడి కూడ చెమ్మను పీల్చును. ఆరోగ్యమైన వస్తువులో ఫేజు తీగకు, కవచమునకు నడుమ నిరోధము 10 లక్షల ఓములకు తగ్గరాదు. అప్పుడు దిగు ప్రవాహము 0.23 మిల్లీఆంపియరు మాత్రమే. అది సుమారు 7,700 ఓములకు పడిపోయినచో 30 మిల్లీఆంపియర్లు దిగి మీట పడును. ఈ నిరోధమును కొలుచు మెగ్గరు అను పరికరము విద్యుత్ పనివారి వద్ద ఉండును. ఒక్కొక్కప్పుడు ఏ వస్తువులోను పెద్ద దోషముండదు. అనేక వస్తువులనుండి కొంచెము కొంచెముగా దిగినది కలిసి హద్దు చేరును. ఇంతవరకు పరిశీలించుట ఇంటివారి పని. వస్తువును విప్పి బాగుచేయుట తెలిసినవారి పని.

ఈ కావలివానికిని హద్దులున్నవి. ఒక చేత ఫేజును, మరియొక చేత న్యూట్రలును పట్టుకొన్నవానిని, నేలకు ప్రవాహము దిగనిచో, ఇది కాపాడలేదు. దాని దృష్టిలో వాడును ఒక దీపము వంటివాడే. అందుచే ఎర్త్ తీగయు, ఎమ్.సి.బి.యు, ఆర్.సి.సి.బి.యు మూడును కలిసి యుండవలెను. తుప్పు పట్టియో, దుమ్ము చేరియో మీట బిగిసిపోవచ్చును గనుక దానిపైనున్న బొత్తామును అప్పుడప్పుడు నొక్కి చూడవలెను. నొక్కినను పడని మీటను వెంటనే మార్చవలెను.

మూడుసార్లు పడిన ఆ మీట మూడుసార్లును నిజమే చెప్పినది. గ్రైండరులో గండి పడినది. మీటను తీసి తీగలు నేరుగా కలిపినచో దీపములు వెలుగును, పిండియు రుబ్బబడును. గండి మాత్రము అట్లే యుండి తడిచేతి కొరకు ఎదురుచూచును. ప్లగ్గు ఊడదీసి, గ్రైండరును ప్రక్కన పెట్టి, ఆ పూటకు పిండి రోటిలో రుబ్బుకొనుట మంచిది.