తారులో బొగ్గు పొడి కలిపితే రోడ్డుకేం లాభం? బయోచార్ రోడ్ల సంగతేంటంటే..

నడి వేసవిలో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరో, టోల్ ప్లాజా ముందో రోడ్డును ఎప్పుడైనా గమనించారా? లారీ టైర్లు నడిచే చోట తారు కిందికి దిగిపోయి, పక్కన గట్టులా పొంగి ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని రట్టింగ్ అంటారు. బయట ఎండ 42 డిగ్రీలు ఉంటే రోడ్డు పైపొర 60 డిగ్రీలు దాటిపోతుంది. మన దేశంలో బాగా వాడే వీజీ-30 రకం తారు (అసలు పేరు బిటుమెన్) కనీసం 47 డిగ్రీల వరకు మెత్తబడకుండా ఉంటే చాలన్నది ప్రమాణం. ఆ వేడిలో లోడు లారీ వచ్చి ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ మెత్తదనానికి విరుగుడుగానే బయోచార్‌ను పరిశోధకులు పరీక్షిస్తున్నారు.

అసలు బయోచార్ అంటే ఏంటి?

పత్తి కట్టె, వరి ఊక, చెట్ల కొమ్మలు.. ఇలాంటివాటిని గాలి దాదాపు అందకుండా 400 నుంచి 700 డిగ్రీల వేడిలో ఉంచితే మిగిలే బొగ్గే బయోచార్. పొలంలోనే తగలబెడితే కార్బన్ దాదాపు అంతా పొగై గాల్లో కలుస్తుంది. ఇలా చేస్తే అందులో మంచి భాగం బొగ్గులో చిక్కుకుని ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఈ బొగ్గును మెత్తగా పొడి చేసి, వేడి తారులో దాని బరువులో 5 నుంచి 10 శాతం వరకు కలిపి చూస్తున్నారు. బొగ్గు రేణువుల నిండా సన్నని రంధ్రాలుంటాయి. తారులోని తేలికపాటి నూనెలను అవి పట్టి ఉంచుతాయి. దాంతో తారు చిక్కబడి, ఎండకు జారడం తగ్గుతుంది. అలాగని ఎక్కువ వేస్తే మాత్రం అసలుకే మోసం. తారు బిరుసెక్కి పగుళ్లొస్తాయి. పైగా ఏ చెత్తతో, ఎంత వేడిలో చేశారన్నదాన్ని బట్టి బొగ్గు గుణం మారిపోతుంది. ట్యాంకులో కలపకుండా వదిలేస్తే అడుగున పేరుకునే ప్రమాదమూ ఉంది.

లెక్క వేస్తే ఎంత?

7 మీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందంతో కిలోమీటర్ పైపొర వేయాలంటే సుమారు 650 టన్నుల మిశ్రమం కావాలి. అందులో తారు 35 టన్నుల దాకా ఉంటుంది. 10 శాతం చొప్పున కలిపినా పట్టే బయోచార్ మూడున్నర టన్నులే. మంచి కర్ర బొగ్గయితే సుమారు 9 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కార్బన్ రోడ్డులో ఉండిపోతుంది. ఊక బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి ఆ లెక్క బాగా తగ్గుతుంది. అంటే పర్యావరణానికి ఇదేమీ మంత్రదండం కాదు. రోడ్డు రెండు మూడేళ్లు ఎక్కువ మన్నితేనే అసలు లాభం.

బయో బిటుమెన్, ఇదీ ఒకటేనా?

కాదు. 2024 డిసెంబర్ 21న నాగ్‌పూర్-మాన్సర్ బైపాస్‌పై కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ప్రారంభించింది బయో బిటుమెన్ రోడ్డు. మొక్కల్లో ఉండే లిగ్నిన్‌తో తారులో కొంత భాగాన్ని భర్తీ చేసే పద్ధతి అది. ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్లే మన 44వ నంబర్ జాతీయ రహదారిపైనే ఆ ముక్క ఉంది. బయోచార్ మాత్రం తారుకు బదులు కాదు, తారుకు తోడు.

ఇంకో మాట. మన రోడ్లను గుంతలు చేసేది ఎండ కంటే ఎక్కువగా వాననీరే. పక్కన కాలువ లేక నీళ్లు నిలిచే రోడ్డుకు ఏ పొడి కలిపినా ఫలితం ఉండదు.

మరి ముడిసరుకు? వరి ఊకకు ఇప్పటికే రైస్ మిల్లుల బాయిలర్లు, ఇటుక బట్టీల దగ్గర గిరాకీ ఉంది. కొనేవాళ్లు లేక చాలాచోట్ల చేలోనే కాలిపోతున్నది పత్తి కట్టె. దాన్ని పీకించి, కట్టలు కట్టించి, బట్టీ దాకా చేర్చే ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నదే రైతు అడిగే మొదటి ప్రశ్న.