మెహ్రౌలీ ఇనుప స్తంభం: తుప్పు పట్టలేదా, పట్టి ఆగిందా?

గుప్తుల కాలపు విజ్ఞానం గురించి రాయమంటే మనలో చాలామంది మొదట రాసే వాక్యం: "ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా తుప్పు పట్టలేదు." ఇందులో నిజం సగమే.

చరిత్ర: కుతుబ్ ప్రాంగణంలోని ఈ స్తంభం ఎత్తు దాదాపు 7.2 మీటర్లు, బరువు 6 టన్నులకు పైనే. దీనిపై ఉన్న బ్రాహ్మీ లిపి సంస్కృత శాసనంలో 'చంద్ర' అనే రాజు పేరుంది. ఎక్కువమంది చరిత్రకారులు ఆయన్ని రెండవ చంద్రగుప్తుడిగా గుర్తించారు. శాసనం ప్రకారం ఇది విష్ణుపదగిరిపై నిలిపిన విష్ణుధ్వజం. అంటే ఇప్పుడున్న చోటు దీని మొదటి చోటు కాదు.

విజ్ఞానం: ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనల ప్రకారం, స్తంభానికి మొదట తుప్పు పట్టింది. ఆ తుప్పే పలుచని రక్షణ పొరగా మారింది. ఇందుకు కారణం ఫాస్ఫరస్. ఈ ఇనుములో అది సుమారు 0.25 శాతం ఉంది. నాటి కొలిమిలో సున్నపురాయి వేయలేదు కాబట్టి ఫాస్ఫరస్ లోహమలంతో బయటికి పోకుండా ఇనుములోనే మిగిలింది. ఢిల్లీ పొడి వాతావరణం కూడా తోడ్పడింది. అయితే నేలలో పాతిన భాగం, తేమ తగిలి, తుప్పు పట్టింది.

ఇంట్లోనూ ఇదే సూత్రం. స్టెయిన్‌లెస్ స్టీల్ సింకును కాపాడేది క్రోమియం ఆక్సైడ్ పొర, అల్యూమినియం కిటికీని కాపాడేది అల్యూమినియం ఆక్సైడ్ పొర. జీఐ పైపులో మాత్రం పైనున్న జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. జింకు అయిపోయాక తుప్పు మొదలవుతుంది.

ప్రిలిమ్స్‌లో జాగ్రత్త: ఈ స్తంభం ఊట్జ్ ఉక్కు కాదు. ఊట్జ్‌లో కార్బన్ 1 శాతానికి పైగా ఉంటుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ప్రసిద్ధి చెందింది దానికే. స్తంభం మాత్రం తక్కువ కార్బన్ ఉన్న ఇనుప ముద్దలను కాల్చి, సమ్మెటలతో కొట్టి అతికించినది.

మెయిన్స్ కోణం: నాటి కమ్మరులకు ఫాస్ఫరస్ సంగతి తెలుసనడానికి ఆధారం లేదు. ఇనుమును పెళుసుగా మార్చే ఆ మూలకాన్ని నేటి కర్మాగారాలు తీసేస్తాయి. కాబట్టి "తుప్పు పట్టని రహస్యం" అని రాస్తే అతిశయోక్తి, "కాకతాళీయం" అని తేల్చేస్తే అన్యాయం. యంత్రాలు లేని రోజుల్లో 6 టన్నుల ఇనుమును ఒక్కటిగా అతికించడం యాదృచ్ఛికంగా జరిగే పని కాదు. జవాబులో మనం గర్వంగా రాయాల్సింది ఆ పనితనం గురించే.