మద్దెల నిజంగానే ఓడు: పేలని అమెరికా టార్పెడోల కథ

1943 జూలై 24. పసిఫిక్ మహాసముద్రంలో టినోసా అనే అమెరికా సబ్‌మెరైన్‌కి పెద్ద జపాన్ ఓడ ఒకటి దొరికింది. పేరు తోనాన్ మారు నంబర్ 3. 19,000 టన్నుల ఓడ. మొదట వదిలిన ఆరు టార్పెడోలతో ఓడ ఆగిపోయింది, కానీ మునగలేదు. అప్పటికి చుట్టుపక్కల కాపలా ఓడ కూడా లేదు. కెప్టెన్ డాన్ డాస్పిట్ తాపీగా 800 మీటర్ల దూరానికి వచ్చి, సరిగ్గా ఓడ పక్కభాగానికి గురిపెట్టి ఇంకో తొమ్మిది వదిలాడు. పెరిస్కోప్‌లోంచి చూస్తూనే ఉన్నాడు. తొమ్మిదీ తగిలాయి. ఒక్కటీ పేలలేదు!

ఆ టార్పెడో పేరు మార్క్ 14. ఇది వెళ్తుంటే నీళ్లమీద బుడగల గీత పడుతుంది. పేలకపోతే శత్రువు ఆ గీత పట్టుకుని నేరుగా మీ మీదకే వస్తాడు. అంటే ఇది ప్రాణాలతో పని.

యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ నావికులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆయుధాల శాఖ మాత్రం తప్పు మీ గురిదే అంది. ఆడలేక మద్దెల ఓడు అంటున్నారని వాళ్ల లెక్క. కానీ ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. అదీ మూడు చోట్ల!

ఒకటి, లోతు. 1942 జూన్‌లో అడ్మిరల్ లాక్‌వుడ్ ఆస్ట్రేలియాలో చేపల వల కట్టించి, దాంట్లోకి టార్పెడోలు కొట్టించి చూశాడు. పెట్టిన లోతుకంటే సుమారు 10 అడుగులు కిందనుంచి పోతున్నాయి. ఒక కారణం, టెస్టుల్లో వాడిన తల అసలు వార్‌హెడ్ కంటే తేలిక.

రెండు, ఓడ అయస్కాంత ప్రభావాన్ని పసిగట్టి పేలాల్సిన పరికరం. అది కొన్నిసార్లు ముందే పేలేది, కొన్నిసార్లు అసలు పేలేది కాదు. 1943 జూన్‌లో అడ్మిరల్ నిమిట్జ్ దాన్ని ఆపేయించాడు.

మూడోది ఇంకా విచిత్రం. డాస్పిట్ ఒక టార్పెడో మిగిల్చి పెర్ల్ హార్బర్‌కి తెచ్చాడు. హవాయిలోని కహోలావే దీవి కొండకి టార్పెడోలు కొట్టి చూశారు. క్రేన్‌తో 90 అడుగుల ఎత్తునుంచి పడేశారు. అప్పుడు బయటపడింది: నిటారుగా గట్టిగా తగిలితే లోపలి పిన్ను ఇరుక్కుపోతోంది. ఏటవాలుగా తగిలితేనే పేలుతోంది. అంటే గురి ఎంత బాగా కుదిరితే, పేలే అవకాశం అంత తక్కువ!

ఇంతకీ ముందే ఎందుకు తెలియలేదు? ఒక్కో టార్పెడో ఖరీదు సుమారు 10,000 డాలర్లు. ఖర్చుకి వెనకాడి, యుద్ధానికి ముందు నిజంగా పేల్చి పరీక్షించలేదు. ఆ డబ్బు మిగిలింది, దాదాపు రెండేళ్ల యుద్ధం పోయింది.

1943 సెప్టెంబర్ చివరికి కొత్త పిన్నులు వచ్చాయి. యుద్ధం ముగిసేసరికి జపాన్ కోల్పోయిన వాణిజ్య ఓడల్లో సగానికి పైగా ముంచింది ఈ సబ్‌మెరైన్లే. తప్పు వస్తువులోనూ ఉంది. అందులో చివరిది ఓ చిన్న పిన్ను.

కాబట్టి ఫ్రెండ్స్, వాడేవాడు పనిచేయట్లేదు అంటే, వాడిని తిట్టేముందు వస్తువుని ఒకసారి విప్పి చూడాలి.