ఇంట్లో డబ్బా రాసిన వీలునామా

మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం ఐదున్నరకి నా ఫోన్‌కి రెండు మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది: "1:12 - ఇంటర్నెట్ పోయింది". రెండోది: "1:40 - బాత్‌రూం బటన్ నొక్కారు". రెండూ వచ్చింది నెట్ తిరిగొచ్చాక. ఇంట్లో ఉన్న డబ్బా పాపం వాటిని లైన్లో నిలబెట్టుకుని, దారి దొరగ్గానే పంపించేసింది. ఈ మధ్యలో నాలుగు గంటలపాటు నేను హైదరాబాద్‌లో కడుపునిండా తిని, ఓ కునుకు తీసి, ఫోన్‌లో ఏమీ రాలేదు కదాని కాజీపేటలో అమ్మా బాపూ హాయిగా ఉన్నారనుకుంటున్నా.

బాపు బాత్‌రూంలో జారిపడ్డాడు. అమ్మ గుడికెళ్లింది. గోడకి నేను బిగించిన బటన్ దాకా పాక్కుంటూ వెళ్లి నొక్కాడట. పక్కింటి అక్క కేకలు విని వచ్చేసరికి ముప్పావుగంట. మణికట్టు విరిగింది, అంతటితో పోయింది. వీధి చివర రోడ్డు తవ్వుతూ ఫైబర్ తెంపారని తర్వాత తెలిసింది. నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదే అంటే అమ్మ, "నీకు చెప్తే ఆగమాగం బండేసుకోని వస్తవని చెప్పలే" అంది.

అన్నట్టు, సర్వర్లు పడిపోతే పసిగట్టడమే నా ఉద్యోగం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

బాపు రైల్వేలో సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాడు. చేతికి కట్టుతో మంచమ్మీద కూర్చుని ఆయన అడిగిన ప్రశ్న ఇది: "ఒరేయ్, మా రైల్వేల తీగ తెగితే సిగ్నల్ ఎర్రగైతది. నీ దగ్గర తీగ తెగితే అంతా మంచిగున్నట్టు ఎట్లైందిరా?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాత తీరిగ్గా చదివితే తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్నకి నూట యాభై ఏళ్లు దాటాయి. నాది మొట్టమొదటి తప్పు కూడా కాదు, ఇంటి కాపలాకి కరెంటు వాడిన తొలిరోజుల తప్పే. 1853లో అమెరికాలో బోస్టన్ పక్కనున్న సోమర్‌విల్లేలో అగస్టస్ రస్సెల్ పోప్ అనే ఆయన దొంగల గంటకి పేటెంట్ తీసుకున్నాడు. తలుపు తెరిస్తే సర్క్యూట్ కలుస్తుంది, గంట మోగుతుంది. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని దాన్ని పెద్ద వ్యాపారం చేశాడు. బాగానే ఉంది. కానీ తలుపు తీస్తేనే కరెంటు పారే ఏర్పాటులో దొంగ ముందే తీగ కత్తిరించాడనుకోండి, గంట మోగదు. ఇంటాయన మోగలేదు కదాని నిద్రపోతాడు. అచ్చం నాలాగే.

ఈ ముడి విప్పింది మాత్రం రైల్వే వాళ్లే. ఐర్లండ్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన విలియం రాబిన్సన్ 1870లో పెన్సిల్వేనియాలోని కింజువా దగ్గర ఆటోమేటిక్ సిగ్నల్ ఒకటి పెట్టాడు. అది కూడా పోప్ గారి గంట బాపతే. రైలు వస్తే కరెంటు పారి, సిగ్నల్‌ని ప్రమాదం వైపు తిప్పుతుంది. పని చేసింది కూడా. కానీ రాబిన్సన్‌కి నిద్ర పట్టి ఉండదని నా అనుమానం. బ్యాటరీ చచ్చిపోతే? తీగ తెగితే? సిగ్నల్ 'దారి ఖాళీ' అనే చూపిస్తుంది, వెనకొచ్చే రైలు ధీమాగా వచ్చేస్తుంది.

1872లో ఆయన ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. చేసిందల్లా మొత్తం తిరగెయ్యడమే. పట్టాల ముక్కకి ఒక చివర బ్యాటరీ, ఇంకో చివర రిలే. కరెంటు ఎప్పుడూ పట్టాల గుండా పారుతూ రిలేని పైకి పట్టి ఉంచుతుంది. అది పైన ఉన్నంతసేపే దారి ఖాళీ. రైలొస్తే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేస్తాయి, కరెంటు రిలే దాకా వెళ్లదు, రిలే పడిపోతుంది, సిగ్నల్ ప్రమాదం చూపిస్తుంది. తీగ తెగినా పడుతుంది, బ్యాటరీ చచ్చినా పడుతుంది, చాలాసార్లు పట్టా విరిగినా పడుతుంది. అంటే 'అంతా బాగుంది' అన్న మాటని క్షణక్షణం ఎవరో ఒకరు మోస్తూ ఉండాలి. మోయడం ఆగిందా, బాగాలేదన్నట్టే.

ఇంగ్లండ్ వాళ్లకి ఇది రక్తంతో అర్థమైంది. 1876 జనవరి 21న ఆబట్స్ రిప్టన్ దగ్గర మంచుతుఫాను. అప్పట్లో అక్కడ సిగ్నల్ చెయ్యి మామూలుగా 'వెళ్లొచ్చు' అన్నట్టే దించి ఉండేది, అవసరమైతే ప్రమాదానికి తిప్పేవాళ్లు. మంచు గడ్డకట్టి చేతులు ఆ 'వెళ్లొచ్చు' దగ్గరే బిగుసుకుపోయాయి. స్కాట్లండ్ నుంచి వస్తున్న ఎక్స్‌ప్రెస్ వెళ్లి బొగ్గు బండిని గుద్దింది, ఆ శిథిలాల మీదకి ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చి పడింది. ఆ తర్వాతే సిగ్నల్ మామూలు స్థితి 'ఆగు' అని మార్చుకున్నారు.

దీనికి ఖర్చుంది. ఊరికే రిలే పడి, ముందు ఏమీ లేకపోయినా బండి ఆగుతుంది, జనం తిట్టుకుంటారు. మన రైల్వేలో దీన్ని సేఫ్ సైడ్ ఫెయిల్యూర్ అంటారు. బాపు ఎన్ని రాత్రులు టార్చిలైటు పట్టుకుని వాటి వెంట తిరిగాడో! చిన్నప్పుడు ఆయన లేని పండగలన్నీ వాటి ఖాతాలోవే.

సరే, పిడకల వేట చాలించి మన సామ్రాజ్యంలోకి వద్దాం. 1999లో ఐబీఎంకి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇంకో ఇంజినీరుతో కలిసి ఎంక్యూటీటీ తయారుచేశాడు. ఎడారుల్లో ఆయిల్ పైపులైన్ల కొలతల్ని ఖరీదైన శాటిలైట్ లింకుల మీద, తక్కువ బైట్లలో పంపడానికి. ఇవాళ మన ఇళ్లలో కొన్ని బల్బులూ సెన్సర్లూ మాట్లాడుకునేది ఆ భాషే. అందులో ఒక చక్కటి సదుపాయం ఉంది, పేరే 'లాస్ట్ విల్', వీలునామా. కనెక్ట్ అయ్యేటప్పుడే డబ్బా బ్రోకర్ చేతిలో ఒక చీటీ పెడుతుంది: నేను చెప్పాపెట్టకుండా పోతే ఇది అందరికీ చదివి వినిపించు. ఒప్పుకున్న కీప్-అలైవ్ గడువుకి ఒకటిన్నర రెట్లు గడిచినా చప్పుడు లేకపోతే బ్రోకర్ ఆ చీటీ చదువుతుంది. రాబిన్సన్ రిలే లాగే ఇక్కడా మౌనమే కబురు.

నేను ఈ వీలునామా రాయలేదా అంటే, రాశాను! కాకపోతే బ్రోకర్ కూడా అదే డబ్బాలో, అదే అల్మరాలో ఉంది. వీలునామా రాసి తన దిండు కిందే పెట్టుకున్నట్టు. నెట్ పోతే చదివేవాడూ లోపలే, వినాల్సినవాడు బయట.

ఇప్పుడు బ్రోకర్ బయట, అద్దె సర్వర్‌లో ఉంది. ఇంట్లోని డబ్బా నిమిషానికోసారి దానికి 'ఉన్నాను' అని చెబుతుంది. మొదట రెండు నిమిషాలు మౌనంగా ఉంటే మోగేట్టు పెట్టా. కాజీపేటలో నెట్ రోజుకి నాలుగైదుసార్లు ఊపిరి బిగపడుతుంది కాబట్టి వారంలో 'నాన్నా పులి' కథ అయిపోయింది, మోగితే నేనే పట్టించుకోవడం మానేశా. అందుకని ఏడు నిమిషాలు చేశా. బటన్‌కి మాత్రం నెట్‌తో పని లేకుండా ఒక సిమ్ మోడెమ్ పెట్టా, నొక్కితే నాకూ పక్కింటి అక్కకీ నేరుగా ఎస్సెమ్మెస్ వెళ్తుంది.

ఈ ఐడియా నాది కాదు, మా మేనమామది. ఆయన బోరు దగ్గరున్న మొబైల్ స్టార్టర్‌లో సిమ్ ఉంటుంది, ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటారు నడుస్తుంది. ఫోన్ కలవలేదనుకోండి, మామ అంతా బాగుందనుకోడు. కండువా వేసుకుని పొలానికి బయల్దేరతాడు.

పోయిన వారం రాత్రి రెండుంబావుకి మోగింది. గుండె జారిపోయి ఫోన్ చేశా. రౌటర్ లైట్లు కళ్లల్లో పడి నిద్ర పట్టట్లేదని బాపే స్విచ్ తీసేశాడట. అమ్మ తిట్లు అయ్యాక ఫోన్ ఆయన తీసుకున్నాడు.

"ఎంతసేపటికి తెల్సింది నీకు?"

"ఏడు నిమిషాలు, బాపూ."

"మా రిలే అయితే రెప్ప కొట్టేలోపు పడేదిరా. సరే పండుకో."