కారెంపూడి వీర్ల గుడి, బాలచంద్రుడి నేస్తం అనపోతు

పల్నాడులో నాగులేరు ఒడ్డున ఉన్న ఊరు కారెంపూడి. పన్నెండో శతాబ్దం చివర్లో గురజాల నలగామరాజు పక్షానికీ మాచర్ల మలిదేవరాజు పక్షానికీ ఆఖరి పోరు ఇక్కడే జరిగింది. ఆ పోరులో పడిపోయినవాళ్ల కోసం కట్టిందే వీర్ల గుడి. చెన్నకేశవస్వామి, అంకాలమ్మ గుళ్లూ ఈ కథతో ముడిపడినవే. నలగామరాజు మంత్రి నాగమ్మ, మలిదేవరాజు పక్షాన నిలిచిన మంత్రి బ్రహ్మనాయుడు, వాళ్ల కోడిపందెం, ఓడినవాళ్ల వలస, రాయబారానికి వెళ్లిన అలరాజు చావు అందరికీ తెలిసిన సంగతులే. అంతగా చెప్పుకోనిది బాలచంద్రుడి చిన్ననాటి నేస్తం అనపోతు సంగతి.

బాలచంద్రుడు బ్రహ్మనాయుడు, ఐతాంబల కొడుకు. పెద్దలు సేనతో కారెంపూడికి కదిలినప్పుడు కుర్రవాణ్ణి త్రిపురాంతకం దగ్గరున్న మేడపిలో వదిలి వెళ్లారు. అక్కడ అతడి జట్టు వేర్వేరు కులాల పిల్లలది. అందులో బ్రాహ్మణుడు అనపోతు ఉన్నాడు, వెలమ దోర్నీడు ఉన్నాడు, మంగలి, చాకలి, కుమ్మరి ఇళ్ల పిల్లలూ ఉన్నారు. కథ వీళ్లను బంట్లుగా కాక తోబుట్టువులుగానే చెబుతుంది. అందరూ కలిసి బొంగరాలాడుతుంటే ఒక బొంగరం ఎగిరి దారిన పోయే స్త్రీకి తగిలింది. అయినవాళ్లంతా కారెంపూడిలో చావుకు సిద్ధమవుతుంటే ఇక్కడ ఆటలేమిటని ఆమె ఎత్తిపొడిచింది. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరింది ఆ మాట మీదే. తల్లి దగ్గరా భార్య మాంచాల దగ్గరా సెలవు తీసుకున్నాడు. జట్టు జట్టంతా వెంట నడిచింది.

చిక్కు అనపోతుతోనే వచ్చింది. బ్రాహ్మణుణ్ణి రణానికి తీసుకెళ్లి అతడు చనిపోతే బ్రహ్మహత్యా పాతకం చుట్టుకుంటుందని భయం. వద్దంటే అనపోతు వినే రకం కాదు. అందుకని మరిచిపోయిన వస్తువొకటి తెమ్మని అతణ్ణి వెనక్కి పంపి, మిగతావాళ్లతో బాలచంద్రుడు ముందుకు సాగిపోయాడు. దారిలో అనపోతు కోసం ఉత్తరం రాసిపెట్టాడు. తిరిగొచ్చిన అనపోతు అది చదువుకుని, నేస్తాలు తనను విడిచి వెళ్లారని తెలిసి, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఏ పాతకానికి జడిసి అతణ్ణి ఆపారో అది చివరికి జరగనే జరిగింది. కారెంపూడి చేరకుండానే ఆ జట్టులో మొదటి చావు అతడిదయింది.

బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టినవాడని, మాల కన్నమదాసును కొడుకులా చేరదీసి సేనాని చేసినవాడని పల్నాడు గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోదగ్గదే. అనపోతు ఘట్టం మాత్రం ఆ గొప్పకు ఎక్కడ గండి పడిందో చూపిస్తుంది. కలిసి తినడానికి, కలిసి ఆడుకోవడానికి అడ్డురాని కులం కలిసి చావడానికి అడ్డొచ్చింది. పైగా ఇక్కడ తోసివేతకు గురైంది కింది కులంవాడు కాదు, బ్రాహ్మణుడు. చాపకూడు గురించి రాసేవాళ్లు ఈ ఘట్టాన్ని సాధారణంగా దాటవేస్తారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే కథ నిండుగా అర్థమవుతుంది.

చనిపోయినవాళ్లను ఊరు ఏటా తలుచుకునేది వీర్ల తిరునాళ్లలో. కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు జరుగుతాయి. రోజుకొక పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఈ వరుస కథ నడిచిన వరుస కాదు. కథలో కోడిపందెం ముందు, పశువుల మంద మీద జరిగిన మందపోరు తర్వాత, అలరాజు రాయబారం ఆ పైన. తిరునాళ్లలో రాయబారం ముందుకొచ్చి, కోడిపోరు చివరి రోజుకు ముందు పడింది. వీరుల ఆయుధాలను ఇక్కడ కొణతాలంటారు. పసుపు, కుంకుమలతో అలంకరించిన కొణతాలను, ఆ వీరుల్ని కొలిచే వీరాచారవంతులు భుజాన ఎత్తుకుని తమ తమ ఊళ్ల నుంచి తెస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయించి వీర్ల గుడికి చేరుస్తారు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. కోడిపోరు నాడు బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగల పేరు మీద పుంజుల్ని దించుతారు. కళ్లిపాడు ఆఖరి యుద్ధం రోజు.

కథను తరతరాలుగా పాడుతూ వచ్చినవాళ్లు వీరవిద్యావంతులు. వాళ్లలో ఎక్కువమంది మాలలు. పల్నాటి వీరుల పాట కాకతీయుల ఓరుగల్లులో కూడా వినబడేదనడానికి క్రీడాభిరామం అనే వీథినాటకం సాక్ష్యం. కావ్యరూపంలో మిగిలినది పల్నాటి వీరచరిత్ర అనే ద్విపద. అందులో బాలచంద్రుడి యుద్ధం శ్రీనాథుడిదని ప్రసిద్ధి, అనపోతు ఘట్టం ఆ భాగంలోదే. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. తర్వాత పింగళి లక్ష్మీకాంతం పరిష్కరణ వచ్చింది. ఇవి తాళపత్రాల పాఠాలు. పాటగాళ్ల నోటి పాఠం వేరు. జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడుకు వచ్చి, వీరవిద్యావంతులు పాడిన కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషు అనువాదంతో 1982లో పుస్తకంగా తెచ్చాడు.